మొదటి గుక్క ఎవరిది

నా జీవితంలో రెండు ఉద్యోగాలు చేశాను. రెండు చోట్లా చేసింది దాదాపు ఒకే పని: ఎవరు ముందు వెళ్ళాలో చూసి దారి వదలడం.

మొదటిది కోలారు బంగారు గనిలో. మనుషులను భూమి లోపలికి దించే ఇనుప బోను ఉంటుంది. దాని గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి లోపలికి పంపాలి, గేటు వేయాలి, గంట కొట్టి ఇంజను డ్రైవరుకు సైగ ఇవ్వాలి. గనులు మూతపడేసరికి నాకు నలభై దాటాయి. అప్పుడే మా తెలుగు సంఘంలో చర్చి పనివాడు చనిపోయాడు. ఆ పని నాకిచ్చారు. మా ఊళ్ళో అరవం ఎక్కువ కాబట్టి దాన్ని కోవిల్ పిళ్ళె పని అంటారు. గంట కొట్టడం, బెంచీలు తుడవడం, బల్ల మీది గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయడం, ద్రాక్షారసం తెచ్చి పెట్టడం. నెలకొక ఆదివారం బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజనం జరిగేటప్పుడు నడిమి దారిలో నిలబడి ఒక్కొక్క బెంచీని లేపి ముందుకు పంపడం. నిరుడు ఆ పని నుంచి కూడా దిగాను.

ఇప్పుడు మా చర్చిలో ఎవరైనా ఎప్పుడైనా లేచి బల్ల దగ్గరికి వెళ్తారు. చిన్నవాళ్ళకు అదే తెలుసు. "లేవడానికి కూడా ఒక వరుస ఉండేదంట కదా తాతా?" అని ఈమధ్య ఒక అమ్మాయి నన్ను అడిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వరుసను ఇరవై ఏళ్ళు కాపాడిన వాణ్ణి నేనే మరి. అందుకే ఇది రాస్తున్నాను.

మా చర్చిలో పద్దెనిమిది బెంచీలు. గని మంచి రోజుల్లో ఉన్నప్పుడు పైన ఆఫీసులో పనిచేసే గుమాస్తాల కుటుంబాలు ముందు బెంచీల్లో కూర్చునేవి. వాళ్ళ వెనక మేస్త్రీలు, వాళ్ళ వెనక కలప పనివాళ్ళు, తర్వాత రాయి తవ్వి ఎత్తేవాళ్ళు. చివరి రెండు బెంచీలు గని లోపల మరుగుదొడ్డి బకెట్లు మోసిన వాళ్ళవి. గని పోయింది, గ్రేడులు పోయాయి, మనవలంతా ఒకే రైల్లో బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్ళి పనిచేసి వస్తున్నారు. బెంచీలు మాత్రం తాతల ఉద్యోగాల ప్రకారమే ఉండిపోయాయి. ఆ గ్రేడుల కింద ఇంకో గ్రేడు ఉండేది. దాన్ని ఎవరూ ఏ రిజిస్టరులోనూ రాయలేదు. రాయనక్కర లేకుండానే అందరికీ తెలుసు.

ప్రభు భోజనానికి ఒకటో బెంచీ నుంచి పద్దెనిమిదో బెంచీ దాకా వరుసగా లేవాలి. క్రమశిక్షణ కోసమనేవాళ్ళు. నేనూ అదే అనుకునేవాణ్ణి, లేదా అనుకుంటున్నానని అనుకునేవాణ్ణి. మాది ఒకే గిన్నె. వెండిది. అందరూ దాంట్లోనే తాగాలి. ఎవరి తర్వాత ఎవరు తాగుతున్నారో ఒకసారి ఆలోచించండి. ముందు బెంచీవాళ్ళు ఎన్ని తరాలైనా వెనక బెంచీవాళ్ళ ఎంగిలి తాగే అవసరం రాకుండా ఆ వరుస కాపలా కాసేది. ఆ వరుసకు కాపలా నేను.

నా చదువు గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి. ఏడో తరగతితో బడి మానేశాను. గనిలో షిఫ్టు దిగాక క్లబ్బు లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. తెలుగు, కన్నడం అక్కడే బాగుపడ్డాయి, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. సంఘ చరిత్ర మీద ఆ అలమరలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. మొదటి విశ్వాసులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తిన్నారని, ఎక్కువ తక్కువలు చూస్తే అపొస్తలులు గట్టిగా మందలించారని, నమ్మిన ప్రతివాడూ యాజకుడే అన్న మాట మీద యూరప్ ఖండమంతా చీలిపోయిందని నాకు తెలుసు. టీ కొట్టు దగ్గర గంటసేపు చెప్పగలిగేవాణ్ణి. వినేవాళ్ళు కూడా ఉండేవారు. అన్నీ తెలిసి, ఆదివారం వచ్చి ఒకటో బెంచీని ముందు లేపేవాణ్ణి.

కరోనా తగ్గాక ఒక కొత్త అయ్యగారు, అంటే పాస్టరుగారు, వచ్చారు. వయసులో చిన్నవారు. కరోనా రోజుల్లో చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో ద్రాక్షారసం ఇచ్చేవాళ్ళం. అది పోయి వెండి గిన్నె మళ్ళీ రావాలని అందరికంటే ఎక్కువ పట్టుబట్టింది ముందు బెంచీవాళ్ళే. సరే, గిన్నె వచ్చింది. అప్పుడు అయ్యగారు ఒక మాట అన్నారు: "నేనొక్కణ్ణే రొట్టె ఇచ్చి, గిన్నె ఇచ్చి తిరగలేకపోతున్నాను. గిన్నె పట్టడానికి సంఘంలో ఒకరికి శిక్షణ ఇప్పిస్తాను."

శిక్షణకు ముగ్గురు వెళ్ళారు. పరీక్ష పూర్తి చేసి బిషపు సంతకంతో పత్రం తెచ్చుకున్నది ఒక్కరే. పదిహేడో బెంచీ నర్సమ్మ. నలభై ఏళ్ళుంటాయి. బెంగళూరులో ఒక ఆస్పత్రిలో నర్సు, అందుకే అందరికీ నర్సమ్మ. తెల్లవారుజామున రైలు, సాయంత్రం రైలు. తాత గనిలో ఆ బకెట్లు మోసినవాడు. ఊళ్ళో ఎవరికి ఇంజెక్షన్ వేయాలన్నా, పుండుకు కట్టు కట్టాలన్నా ఆవిడే. చర్చి కమిటీ సెక్రటరీగారి తల్లికి చక్కెర జబ్బుతో కాలి మీద పుండు పడితే, వారానికి రెండుసార్లు వెళ్ళి కట్టు మార్చేది కూడా ఆవిడే.

గిన్నె పట్టడంలో ఒక నియమం ఉంది, ఇక్కడ అదే ముఖ్యం. ఇచ్చేవాళ్ళు ముందు తాము తీసుకోవాలి. అయ్యగారు ముందు తీసుకుని, గిన్నె పట్టే మనిషికి ఇస్తారు. ఆ మనిషి తాగాక సంఘానికి పట్టాలి. అంటే నర్సమ్మ తాగిన తర్వాతే ఒకటో బెంచీ తాగాలి.

కమిటీ మీటింగులో కుర్చీలు వేసి, టీ ఇచ్చే పని నాది కాబట్టి అంతా విన్నాను. నర్సమ్మను కూడా పిలిపించారు. సెక్రటరీగారు హాజరు లెక్కలు రాసే గని టైం ఆఫీసులో పెద్ద గుమాస్తా చేసి దిగినవారు. ఒకటో బెంచీ. గొంతు పెంచని మనిషి.

"చూడమ్మా, నీ మీద మాకేం లేదు. ఆరోగ్యం గురించి చెప్తా ఉండాను. ఆస్పత్రిలో నానా రోగాల మధ్య తిరిగేదానివి. ఒకే గిన్నె. మా ఇండ్లల్లో ముసిలోళ్ళు ఉండారు."

నర్సమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "మా బెంచి ఇన్నేండ్లు మీ అందరి తర్వాత తాగింది కదా సార్. అప్పుడు రోగాలు వెనక్కి రాలేదా? ముందుకే వస్తాయా?"

ఎవరో దగ్గారు. అయ్యగారు కిటికీ వైపు చూశారు. నవ్వు ఆపుకోవడానికనే నా నమ్మకం.

మీటింగు చివర అయ్యగారు తేల్చారు. వచ్చే బల్ల ఆదివారం, అంటే ప్రభు భోజనం ఉండే ఆదివారం, నర్సమ్మ గిన్నె పడుతుంది. సంఘం లేచి వస్తే సరి. రాకపోతే పత్రం బిషపుకు తిప్పి పంపుతాను, మళ్ళీ ఈ మాట ఎత్తను అన్నారు. కొత్తవారు, అంతకంటే గట్టిగా నిలబడితే ఆయన బదిలీ అడగవలసి వచ్చేది. కాబట్టి అంతా ఆ ఒక్క ఆదివారం మీద ఆగింది.

ఇక నా తప్పు చెప్పాలి.

రెండు రోజుల తర్వాత సెక్రటరీగారు నన్ను పిలిచారు. "కూర్చోప్పా" అన్నారు. ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు. "ఈ సంఘంలో నిజంగా చదివినోడివంటే నువ్వే. నీకు తెలీందా. ఆ పాప సేవ చెయ్యనీ, ఎవురొద్దన్నారు? అందరికీ పట్టినాక చివర్లో తాను తీసుకుంటే ఏం పోతాది? అది ఇంకా గొప్ప తగ్గింపు కదా. నువ్వు చెప్తే వింటాది."

నిజంగా చదివినోడివి. ఇరవై ఏళ్ళు ఆ బెంచీ తుడిచిన తర్వాత ఆ బెంచీ నుంచి వచ్చిన మాట. నేను కరిగిపోయాను. అంతటితో ఆగలేదు, లైబ్రరీకి వెళ్ళాను. కొన్ని మఠాల్లో వడ్డించేవారు అందరూ తిన్నాకే తినేవారని ఒక పుస్తకంలో దొరికింది. ఆ పేజీలో గుర్తు పెట్టి, పుస్తకం తీసుకుని ఆదివారం సాయంత్రం నర్సమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మఠాలు, వడ్డన, దీనత్వం. బాగానే చెప్పాను. అంతా విన్నది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అన్నా, ఆ మఠంలో వడ్డించేవాళ్ళు వంతులేసుకుంటారా, లేదంటే ఎప్పుడూ ఒకే ఇంటోళ్ళేనా?"

"వంతులే" అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది.

"మరి మా వంతు ఎప్పుడు అయిపోతాది?"

నేను గుర్తు పెట్టిన పేజీ మళ్ళీ తీసి చూశాను.

"తగ్గింపు మాకు నేర్పేది ఏంటికన్నా? అది మా ఇంట్లో బోలెడుండాది. లేనోళ్ళకి ఇయ్యి." ఇస్త్రీ పెట్టె మళ్ళీ పట్టుకుంది. తర్వాత, బట్ట మీద నుంచి కన్ను తీయకుండానే అడిగింది: "నువ్వు ఎన్నో బెంచి?"

"పదకొండు."

"కోవిల్ పిళ్ళె అందరికంటే చివర్లో తీసుకోవాలంట కదా. ముందున్న తాత అట్లే తీసుకునేవాడు, మా అమ్మ చెప్పింది. నువ్వు మాత్రం నీ బెంచితోనే పోతావు. మా తర్వాత యా దినమన్నా తాగినావా?"

చదువుతున్న పిల్లలారా, ఆ ప్రశ్నకు జవాబు ఏ లైబ్రరీలోనూ లేదు. నా దగ్గర ఉంది. లేదు, తాగలేదు. పని ఒప్పుకున్న మొదటి నెలలోనే, చివర్లో గిన్నె కడగాలి, గుడ్డలు తీయాలి, హడావుడి అని చెప్పి నా బెంచీతో తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎవరూ కాదనలేదు. ఆ కారణాన్ని నేనే నమ్మాను కూడా. ఎనిమిది, తొమ్మిది, పది బెంచీల తర్వాత తాగడానికి నాకు ఎప్పుడూ అడ్డు లేదు. పదిహేడు, పద్దెనిమిది తర్వాత అంటే హడావుడి గుర్తొచ్చేది. ముందు బెంచీలను తిట్టుకుంటూ తిరిగేవాణ్ణి, ఆ వరుస నాకు కూడా గొడుగు పడుతోందని తెలియదు. కాదు, తెలుసు.

"ఆ దినం ఎవురూ రాకుంటే గిన్నె బల్ల మీద పెట్టేసి పోతాను" అంది నర్సమ్మ. "కోపంతో కాదు. ఇంగ ఈ చర్చి మెట్టెక్కను. బంగారుపేటలో కొత్త ప్రార్థన మందిరం ఉండాది, రైలు దిగితే పక్కనే. అమ్మని కూడా తీసుకుపోతాను. సెక్రటరీ సార్‌కి చెప్పు, వాళ్ళమ్మ కట్టు మాత్రం మారుస్తాను. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆవిడ రాగి సంగటి కెలుకుతూ విన్నది. "ఆ మాట చెప్పేదానికి పుస్తకం చంకలో పెట్టుకొని పోయినావా!" అంది.

బల్ల ఆదివారం వచ్చింది. ముందు నాలుగు బెంచీల వాళ్ళు ఫోన్లలో మాట్లాడుకుని నిర్ణయించుకున్నారని నాకు ముందే తెలిసింది. చర్చికి వస్తారు, పాటలు పాడతారు, బల్లకు మాత్రం లేవరు. గొడవ చేయరు, తల వంచుకుని ప్రార్థనలో ఉంటారు. ఒకటో బెంచీ లేవకపోతే రెండో బెంచీ లేవడానికి లేదు, రెండోది లేవకపోతే మూడోది. ఎవరూ కాదని అనకుండానే పని ఆగిపోతుంది. సెక్రటరీగారి తెలివి అది. ఆయన టైం ఆఫీసులో ఊరికే పెద్ద గుమాస్తా కాలేదు.

అయ్యగారు రొట్టె విరిచారు. తాను తీసుకున్నారు, నర్సమ్మకు ఇచ్చారు. గిన్నె ఇచ్చారు. నర్సమ్మ తాగింది. గుడ్డతో అంచు తుడిచి, గిన్నె రెండు చేతులా పట్టుకుని బల్ల ముందున్న రైలింగు దగ్గర నిలబడింది. తెల్ల చీర. రోజూ సూదులు పట్టుకునే చేతులు.

నేను ఒకటో బెంచీ పక్కకు వెళ్ళి, ఎప్పటిలాగే కొంచెం వంగి చెయ్యి చూపించాను. తలలు వంచుకుని ఉన్నారు. మళ్ళీ చూపించాను. సెక్రటరీగారి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. ఆయన పక్కన ముసలి తల్లి, కట్టు కట్టిన కాలు చిన్న పీట మీద పెట్టుకుని ఉంది. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు. "ఏంరా, ఇంకా లేవలేదా?" అని అడిగింది. "కూర్చోమ్మా" అన్నారాయన.

పాట అయిపోయింది. హార్మోనియం అతను మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నాడు. అదీ అయిపోయింది. నర్సమ్మ అలాగే నిలబడి ఉంది. అయ్యగారి చేతిలో రొట్టె పళ్ళెం. నేను నడిమి దారిలో చెయ్యి చాపి కొయ్యబొమ్మలా ఉన్నాను. ఇరవై ఏళ్ళలో ఒకటి తర్వాత రెండు అని తప్ప ఇంకో లెక్క నాకు రాలేదు.

అప్పుడు పదకొండో బెంచీ నుంచి నా భార్య గొంతు, కూరగాయల సంతలో పిలిచినట్టు:

"ఏమయ్యా, ఆడ్నే నిలబడి పొయినావు?"

నేను తిరిగి చూశాను. "ముందు బెంచీ..." అన్నాను.

"ముందు బెంచి ప్రార్థనలో ఉండారు, పాపం. లేపొద్దు. చేసుకోనీ." ఆవిడ లేచి నిలబడింది. "ఆకలిగా ఉండేవాళ్ళు పోతారు. నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?"

వెనక ఎక్కడో కిసుక్కుమన్నారు.

నేను వెళ్ళాను. నడిమి దారి అంత పొడుగుందని అప్పటిదాకా తెలియదు. రైలింగు దగ్గర మోకరించాను. అయ్యగారు రొట్టె పెట్టారు. నర్సమ్మ గిన్నె వంచింది. "అన్నా" అని, ఇచ్చేటప్పుడు చెప్పవలసిన మాట చెప్పింది. నేను ఆ రోజు గొప్ప పని చేశానని మీకు అనిపిస్తే, ఇది కూడా వినండి. ఆ అంచు పెదవికి తగలబోయేటప్పుడు నా తల దానంతట అదే ఒక్క పిసరు వెనక్కి జరిగింది. అంత చదివినవాడి తల. తర్వాత తాగాను. ద్రాక్షారసం తీయగానే ఉంది, ప్రతి నెలా నేను తెచ్చేదే.

లేచి వెనక్కి తిరిగేసరికి నా భార్య నా వెనకే ఉంది. ఆవిడ వెనక పదిహేడో బెంచీ నుంచి నర్సమ్మ తల్లి, తొమ్మిదో బెంచీ దంపతులు, అయిదో బెంచీలో పెళ్ళై కొత్తగా వచ్చిన కోడలు. ఆ అమ్మాయికి వరుస సంగతి అసలు తెలియదనుకుంటా. బూదికోట నుంచి వచ్చింది. ఎవరు ఎన్నో బెంచీయో చూసుకునే వీలు లేకుండా కలిసిపోయి నిలబడ్డారు. నేను ఎవరికీ చెయ్యి చూపించలేదు. అవసరం పడలేదు.

సగం మంది అయ్యాక ఒకటో బెంచీలో గొంతు లేచింది. చెవులు వినబడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు.

"నన్ను లేపరా అంటే!"

"ఈ నెల వద్దమ్మా" అన్నారు సెక్రటరీగారు, నెమ్మదిగా.

"ఏంటికి వద్దు? ఎవురు పట్టేది? మన నర్సు పాపే కదా. నా చీము కడిగే చెయ్యి అది. నీకు ఆ వాసనకే రెండు దినాలు అన్నం సయించలేదు." పీట మీంచి కాలు దించింది. "ఏమప్పా కోవిల్ పిళ్ళె, నువ్వన్నా చెయ్యియ్యి."

ఇచ్చాను. ఆవిడ నా భుజం మీద బరువంతా వేసి నడిచింది. సెక్రటరీగారు లేవలేదు. తల ఇంకా వంచుకునే ఉన్నారు. అప్పుడు మాత్రం అది నిజంగా ప్రార్థనే అయి ఉంటుందని నాకనిపించింది.

ఆ తర్వాత నా మీద కమిటీలో ఫిర్యాదు వచ్చింది. వరుస తప్పించినందుకు. అయ్యగారు అది చదివి, ఏ పుస్తకంలో ఏ నియమం తప్పిందో రాసి ఇవ్వమన్నారు. రాయడానికి వాళ్ళకు ఏమీ దొరకలేదు. వెతికిపెట్టమని నన్ను అడగలేదు, అడిగి ఉంటే శ్రద్ధగానే వెతికేవాణ్ణి. మూడు కుటుంబాలు చర్చి మారాయి. రెండు తిరిగి రాలేదు, నిజం చెప్పాలి కదా. నర్సమ్మ పత్రం బిషపుకు వెనక్కి పోలేదు. ప్రతి నెలా ఆవిడే గిన్నె పట్టింది.

మూడోది సెక్రటరీగారిది, ఆయన కొన్ని నెలలు ఇంకో చర్చికి వెళ్ళారు. అక్కడ ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. కొత్తవాళ్ళను తలుపు పక్కన కూర్చోబెట్టడం అక్కడి పద్ధతి. టీ కొట్టు దగ్గర ఎవరో ఈ సంగతి చెప్పి పగలబడి నవ్వితే నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక అంత నవ్వు అక్కర్లేదనిపించింది. వెనక నుంచి బలిపీఠం ఎలా కనబడుతుందో అరవై దాటాక మొదటిసారి చూసిన మనిషి ఆయన.

ఒక బల్ల ఆదివారం ఆయన తిరిగి వచ్చారు. తల్లి పక్కన కూర్చున్నారు. పాట మొదలైంది, జనం లేస్తున్నారు. ఆయన నా వైపు చూశారు, అలవాటుగా, నేను చెయ్యి చూపిస్తానేమోనని. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొంచెంసేపటికి ఆయనే లేచారు. వరుసలో ఆయన ముందు పద్దెనిమిదో బెంచీ ఆవిడ ఒకరున్నారు, పాలు పోసే మనిషి. ఆవిడ వెనక్కి చూసి కంగారుగా పక్కకు జరిగింది. "మీరు ముందు పోండి సార్."

"లేదులేమ్మా. నువ్వే ముందొచ్చినావు" అన్నారాయన.

ఆవిడ మోకరించింది, తాగింది. నర్సమ్మ అంచు తుడిచి, గిన్నె కొంచెం తిప్పి, ఆయన ముందుకు వచ్చింది. వాళ్ళింట్లో కట్టు మార్చేటప్పుడు ఆయన్ను సార్ అనేది. ఇక్కడ అనలేదు. అందరితో అన్నట్టే "సహోదరుడా" అని, చెప్పవలసిన మాట చెప్పి, గిన్నె వంచింది.

ఆయన తాగారు. తాగాక ఆమెన్ అనాలి. ఆ ఆమెన్ రావడానికి కొంత సేపు పట్టింది. నర్సమ్మ తర్వాతి మనిషి దగ్గరికి జరిగిపోలేదు. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, ఆ మాట వచ్చేదాకా ఆగింది. వచ్చింది.